రైలు వద్దన్న ఇంజనీరు

కాటన్ దొర అనగానే మనకి గుర్తొచ్చేది ఒక్కటే, ధవళేశ్వరం ఆనకట్ట. స్కూల్లో సోషల్ పుస్తకంలో ఒక పేరా, ట్యాంక్‌బండ్ మీద ఒక విగ్రహం, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన హాస్టల్ ఫ్రెండ్స్ చెప్పే నాలుగు మాటలు. అక్కడితో మనకి కథ అయిపోతుంది. కానీ ఆనకట్ట పూర్తయ్యేసరికి ఆయన వయసు 49. ఆ తర్వాత ఇంకో 47 ఏళ్ళు బతికారు. ఆ 47 ఏళ్ళలో ఎక్కువ భాగం ఒకే ఒక్క గొడవ మీద ఖర్చుపెట్టారు. ప్రభుత్వం దగ్గరున్న డబ్బు రైళ్ళ మీద పెట్టాలా, కాలువల మీద పెట్టాలా అన్నదే ఆ గొడవ.

ఇది పాత గొడవ అనిపించొచ్చు. కానీ మనం ఉండేది యూసుఫ్‌గూడలో. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా మెట్రో 2019 మార్చిలో మొదలైంది, మన స్టేషన్ దాని మీదే ఉంది. ఆ లైన్ ఈ దారిలోనే ఎందుకు వచ్చింది, ఇంకో దారిలో ఎందుకు రాలేదు అని ఎప్పుడైనా ఆలోచించారా? మెట్రో రెండో దశ గురించి, రీజనల్ రింగ్ రోడ్డు గురించి పేపర్లో చదివినప్పుడల్లా అడగాల్సిన ప్రశ్న కూడా అదే. డబ్బు తక్కువ, దారులు ఎక్కువ. ముందు ఏది?

మన సీఎస్‌ఈ వాళ్ళకి ఇది తెలిసిన లెక్కే. నాప్‌శాక్ ప్రాబ్లమ్. సంచి సైజు ఇంత అని ముందే తెలుసు. ఒక్కో వస్తువుకి ఒక బరువు, ఒక విలువ. సంచిలో పట్టేలా, మొత్తం విలువ ఎక్కువ వచ్చేలా ఏరుకోవాలి. ల్యాబ్‌లో ఆ విలువలు క్వశ్చన్ పేపర్లోనే ఇచ్చేస్తారు. నిజంగా ఒక దేశానికి ఈ లెక్క చెయ్యాల్సి వస్తే ఆ విలువల కాలమ్ ఎవరు నింపుతారు? కాటన్ జీవితం చదివితే, ఆయన పోట్లాడింది అంతా ఆ కాలమ్ గురించే అని నాకు అర్థమైంది.

పద్దెనిమిదేళ్ళకి మద్రాసు

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టారు. పెద్ద కుటుంబం, ఆయన పదో కొడుకు. పదిహేనేళ్ళ వయసులో అడిస్‌కోంబ్‌లోని ఈస్టిండియా కంపెనీ సైనిక కాలేజీలో చేరారు. 1821లో, అంటే మనం ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో ఉండే వయసులో, మద్రాసు ఇంజనీర్ల దళంలో పని చెయ్యడానికి ఓడ దిగారు. మధ్యలో మొదటి బర్మా యుద్ధానికి కూడా వెళ్ళొచ్చారు. తర్వాత ఆయన్ని కావేరి నది పనుల మీద వేశారు.

అసలు చదువు ఆయనకి అక్కడ మొదలైంది. కావేరి మీద చోళుల కాలం నాటి కల్లణై ఉంది. ఇసుకలో గట్టి పునాది తగలకపోయినా ఆ కట్టడం వందల ఏళ్ళుగా నిలబడే ఉంది. నది అడుగున రాయి తగిలేదాకా తవ్వక్కర్లేదని, రాళ్ళని ఇసుకలో దిగనిచ్చి వాటి మీద కట్టొచ్చని కాటన్ అక్కడ నేర్చుకున్నారు. ఆ కిటుకు తమిళ దేశపు పాత మేస్త్రీలదని ఆయనే ఒప్పుకున్నారు. ఆ పద్ధతిలోనే 1836 నాటికి కొల్లిడం నది మీద రెండు ఆనకట్టలు కట్టించారు.

ఇక్కడ ఒక తమాషా విషయం. మన దేశంలో మొట్టమొదటి రైలు 1853లో బొంబాయి నుంచి ఠాణే వెళ్ళిందని క్విజ్‌లో చెప్తాం. ప్రయాణికుల రైలు వరకు అది నిజమే. కానీ అంతకు చాలా ముందే, 1837లో, మద్రాసు దగ్గర రెడ్ హిల్స్ నుంచి రోడ్ల పనికి రాయి తోలడానికి చిన్న రైలు దారి ఒకటి వేశారు. ఆ పని చేయించిన ఇంజనీరు ఆర్థర్ కాటనే! అంటే ఈ దేశంలో మొదట పట్టాలు పరిపించిన మనిషే తర్వాత రైళ్ళకి అందరికంటే పెద్ద విమర్శకుడయ్యారు. రైలంటే తెలియక వద్దన్న మనిషి కాదన్నమాట.

గోదావరి

తర్వాత ఆరోగ్యం పాడైంది. సెలవు మీద టాస్మేనియా వెళ్ళారు. అక్కడే 1841లో ఎలిజబెత్ లియర్మంత్‌ని పెళ్ళి చేసుకున్నారు. తిరిగొచ్చాక ఆయన్ని ఉత్తరాన మన వైపు పంపారు. అప్పటి గోదావరి డెల్టా ఇప్పుడు సినిమాల్లో చూపించే పచ్చటి కోనసీమ కాదు. 1832-33లో భయంకరమైన కరువు. 1839లో కోరంగి దగ్గర తుపాను, ఉప్పెన. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాటికి అది 5 లక్షల 61 వేలకి పడిపోయింది. కొందరు చనిపోయారు, కొందరు ఊళ్ళు వదిలి వెళ్ళిపోయారు. ఇదంతా ఏడాదికోసారి పొంగి సముద్రంలో కలిసే అంత పెద్ద నది పక్కన జరిగింది.

1844లో కాటన్ రిపోర్టు రాశారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి లంకల మధ్య నాలుగు పాయలుగా చీలుతుంది. ఆ నాలుగు పాయలకీ అడ్డంగా, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం దగ్గర తక్కువ ఎత్తులో ఆనకట్ట కట్టాలన్నారు. మంజూరు వచ్చింది. 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశారు. వేల మంది కూలీలు పనిచేశారు. స్థానికంగా వీణెం వీరన్న అనే ఇంజనీరు ఆయనకి కుడిభుజంలా నిలబడి పనివాళ్ళని సమకూర్చారు. ఆ ఊరి కొండ నుంచి రాయిని నది దాకా తేవడానికి ఇక్కడ కూడా పట్టాల మీద నడిచే బండ్లే వాడారు.

మనం సాధారణంగా మర్చిపోయేది ఒకటుంది. ఆ కాలువలు పొలాలకి నీళ్ళివ్వడానికి మాత్రమే తవ్వలేదు. పడవలు నడిచేలా తవ్వారు. నీటి మట్టం మారే చోటల్లా తలుపులు పెట్టి, పడవని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దించే ఏర్పాటు చేశారు. గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ వాటిని లాకులు అనే పిలుస్తారు. గన్నవరం దగ్గర ఒక పాయ మీదుగా కాలువనే వంతెన ఎక్కించి లంకల్లోకి తీసుకెళ్ళారు. అదే అక్విడక్టు. ఆ శతాబ్దం చివరికి గోదావరి కాలువల్లో దాదాపు 500 మైళ్ళ మేర పడవలు తిరిగేవి. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యింది. ఏలూరు కాలువ ద్వారా రెండు నదుల కాలువలూ కలిసిపోయాయి. దక్షిణాన బకింగ్‌హాం కాలువ మద్రాసు దాకా వెళ్ళేది. అంటే కాకినాడలో పడవెక్కిన బియ్యం బస్తా నేల మీద దిగకుండానే మద్రాసు చేరే దారి ఒకటి తయారైంది.

ఒకే తవ్వకంతో రెండు పనులు, సాగు ఒకటి, రవాణా ఒకటి. కాటన్ లెక్క మొత్తం దీని మీదే ఆధారపడింది.

అసలు గొడవ

సరిగ్గా అదే కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం రైళ్ళ వైపు తిరిగింది. 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ పెద్ద రైలు మార్గాల ప్లాను రాశాడు. సైన్యాన్ని త్వరగా తరలించాలి, లోపలి ప్రాంతాల పత్తి రేవుకి రావాలి, ఇంగ్లండు సరుకు లోపలికి పోవాలి. ముఖ్యమైన కారణాలు ఇవి. 1857 తిరుగుబాటు తర్వాత సైన్యం కారణం ఇంకా బలపడింది.

డబ్బు పెట్టింది లండన్ కంపెనీలు. కానీ ఒక షరతు మీద. పెట్టుబడి మీద ఏటా 5 శాతం రాబడికి ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చింది. రైలుకి లాభం వస్తే సరే. రాకపోతే ఆ తేడా మన దేశంలో వసూలైన పన్నుల నుంచి కట్టాలి. ఖర్చు పెరిగినా కంపెనీకి నష్టం లేదు, ఎందుకంటే పెరిగిన ఖర్చు మీద కూడా 5 శాతం వస్తుంది. ఇలాంటి కోడ్ ఎవరైనా రాస్తే మన కోడ్ రివ్యూలోనే ఆపేస్తాం. తప్పు చేసినా పెనాల్టీ లేని ఫంక్షన్ అది.

1854లో కాటన్ భారతదేశపు ప్రజాపనుల మీద ఒక పుస్తకం అచ్చు వేయించారు. 1860లో రిటైరయ్యారు, 1861లో సర్ బిరుదు వచ్చింది. అప్పటినుంచీ ఆయన వాదన ఒకటే. మన రైతు పంపే సరుకు ధాన్యం, ఉప్పు, పత్తి, కలప. ఇవి బరువు ఎక్కువ, విలువ తక్కువ. వీటికి వేగం అక్కర్లేదు, చవక కావాలి. నీటి మీద ఒక టన్నుని ఒక మైలు తీసుకెళ్ళే ఖర్చు రైలు కంటే చాలా తక్కువ. పైగా రైలు పట్టా పక్క పొలానికి నీళ్ళివ్వదు. కరువొచ్చినప్పుడు రైలు ఉన్న ధాన్యాన్ని మోసుకురాగలదు, లేని ధాన్యాన్ని పండించలేదు.

ఆయన గీసిన మ్యాపు చూస్తే మతిపోతుంది. గంగలో పైకెళ్ళి సింధులో దిగుతూ కలకత్తా నుంచి కరాచీ. గోదావరిలో పైకెళ్ళి తపతిలో దిగుతూ కాకినాడ నుంచి సూరత్. తుంగభద్ర వెంట కార్వార్ దాకా. పాల్ఘాట్ కనుమ గుండా కోయంబత్తూరు వైపు. ఒక గ్రాఫ్‌లో నదులన్నిటినీ ఎడ్జ్‌లుగా తీసుకుని మధ్యలో తెగిన చోట్ల కలుపుతూ పోయినట్టు ఉంటుంది.

ఆయన లెక్క తప్పిన చోట్లు

ఇక్కడిదాకా చదివితే కాటన్ హీరో, రైలు విలన్ అనిపిస్తుంది. కానీ కథ అంత సింపుల్ కాదు. ఆయన మ్యాపులో రెండు దారులని నిజంగానే మొదలుపెట్టారు. రెండూ మన తెలుగు నేల మీదే. రెండూ దెబ్బతిన్నాయి.

మొదటిది ఎగువ గోదావరి. బేరార్, నాగపూర్ వైపు పత్తిని వార్ధా, గోదావరి మీదుగా పడవల్లో తూర్పు తీరానికి తేవాలన్నది ప్లాను. అమెరికా అంతర్యుద్ధం వల్ల 1861 నుంచి ఇంగ్లండు మిల్లులకి పత్తి కరువైంది కాబట్టి దీనికి మంచి గిరాకీ కూడా ఉంది. కానీ దారిలో మూడు చోట్ల నది బండరాళ్ళ మీద ఉరుకుతుంది. మొదటి అడ్డంకి భద్రాచలం పైన దుమ్ముగూడెం దగ్గర. అక్కడ ఆనకట్ట, లాకులు కట్టారు. అడవి జ్వరాలతో పనివాళ్ళు కుప్పకూలారు. వేసవిలో నదిలో పడవకి చాలినంత నీళ్ళుండవు. ఈలోగా 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరిపోయింది. పత్తి ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. 1871లో పని ఆపేశారు. దుమ్ముగూడెం కట్టడం మాత్రం ఇంకా ఉంది.

రెండోది కర్నూలు-కడప కాలువ. తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర మొదలై కడప దాకా, సాగుకీ పడవలకీ కలిపి అనుకున్నది. ఇది కట్టింది ప్రభుత్వం కాదు, మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే లండన్ ప్రైవేటు కంపెనీ. విచిత్రం ఏంటంటే దీనికి కూడా 10 లక్షల పౌండ్ల మీద అదే 5 శాతం గ్యారంటీ! రైలు కంపెనీల్లో ఏ జబ్బుందని కాటన్ తిట్టారో అదే జబ్బు దీనికీ పట్టింది. ఖర్చు పెరిగింది, ప్రభుత్వం అప్పు ఇవ్వాల్సొచ్చింది. నల్లరేగడిలో వాన మీద జొన్న, పత్తి పండించుకునే రైతులు నీటి తీరువా కట్టి కాలువ నీళ్ళు తీసుకోవడానికి ముందుకి రాలేదు. డెల్టా ఒండ్రు నేలలో వరి రైతుకి పనికొచ్చిన లెక్క రాయలసీమ నేలలో పనికిరాలేదు. చివరికి 1882లో ప్రభుత్వం ఆ కాలువని కొనేసింది.

నాకు ఇందులో ముఖ్యంగా తోచింది ఇది. గోదావరి డెల్టా అనే ఒక్క టెస్ట్ కేసులో అద్భుతంగా పాసైన మోడల్‌ని కాటన్ దేశమంతా రన్ చెయ్యాలనుకున్నారు. దక్కన్ పీఠభూమి ఎగుడుదిగుడు, ఎండాకాలం ఎండిపోయే నదులు, వేరే రకం నేల, వేరే రకం పంట. ఇవన్నీ ఆ మోడల్ చూడని డేటా. ఇంకొకటి కూడా ఆయన లెక్కలో సరిగ్గా పడలేదు. రైళ్ళలో సరుకు కంటే ముందు మనుషులు ఎక్కారు. మూడో తరగతి డబ్బాలు కిక్కిరిసిపోయాయి. పని కోసం, తీర్థం కోసం, పెళ్ళి కోసం జనం రైలెక్కి తిరిగారు. మనిషికి వేగం కూడా విలువే.

1878

1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు. లక్షల మంది చనిపోయారు. బళ్ళారి, కర్నూలు, కడప వైపు బాగా దెబ్బతిన్నాయి. గోదావరి, కృష్ణా డెల్టాలు మాత్రం పంట పండించి బయటికి కూడా పంపాయి. ఒకే రాజధానిలో ఒక పక్క శవాలు, ఒక పక్క వరి కుప్పలు. కాటన్ పాతికేళ్ళ నుంచి చెప్తున్నది దీనికంటే గట్టిగా ఎవరూ రుజువు చెయ్యలేరు.

బ్రిటిష్ పార్లమెంటు 1878లో భారతదేశ ప్రజాపనుల మీద ఒక సెలెక్ట్ కమిటీ వేసింది. 75 ఏళ్ళ కాటన్ దాని ముందు సాక్ష్యం చెప్పారు. రైళ్ళు చవగ్గా మోయలేకపోతున్నాయని, వాటి నష్టం దేశం భరిస్తోందని, జలమార్గాలు కావాలని వాదించారు. కమిటీ ఒప్పుకోలేదు. కర్నూలు కాలువ సంగతేంటి, ఎగువ గోదావరి సంగతేంటి అన్న ప్రశ్నలకి ఆయన దగ్గర అందరినీ ఒప్పించే జవాబు లేకపోయింది. ఆయన జలమార్గాల ప్లాను పక్కకి పోయింది. 1880 కరువు కమిషన్ సాగునీటి పనులు కావాలంటూనే ఇంకో 5,000 మైళ్ళ రైలు దారి వెంటనే వెయ్యాలని చెప్పింది.

మన హైదరాబాద్ సంస్థానం కూడా అప్పటికే రైలు దారి పట్టింది. వాడి-సికింద్రాబాద్ లైన్ 1874లో మొదలైంది. 1889కి అది బెజవాడ చేరింది. అంటే కృష్ణ ఆనకట్ట పక్కకే పట్టాలు వచ్చేశాయి.

కాటన్ ఇంగ్లండులో డార్కింగ్ అనే ఊళ్ళో చివరి ఏళ్ళు గడిపారు. ఫ్లారెన్స్ నైటింగేల్ ఆయన వైపు నిలబడి భారత సాగునీటి గురించి రాసింది. ఆయన మాత్రం వ్యవసాయం మీద ప్రయోగాలు చేసుకుంటూ, ఉత్తరాలు, కరపత్రాలు రాస్తూనే ఉన్నారు. 1899 జూలై 24న, 96 ఏళ్ళ వయసులో చనిపోయారు. మరుసటి ఏడాది, 1900లో, రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన దాటుకుంటూ రైలు వెళ్ళింది.

ఇప్పుడు

పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కొత్త బ్యారేజీ పూర్తయ్యింది. దానికి కాటన్ పేరే పెట్టారు. గోదావరి పుష్కరాల్లో ఆయన పేరు మీద తర్పణం వదిలేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆయన కూడా మనల్ని ఏలిన కంపెనీ ఉద్యోగే, ఆనకట్ట వల్ల పెరిగిన పన్ను వాళ్ళ ఖజానాకే వెళ్ళింది. అది మర్చిపోకూడదు. అయినా ఆ తర్పణం అబద్ధం కాదు. కడుపు నిండినవాళ్ళ కృతజ్ఞత అది.

ఆయన ఓడిపోయిన వాదన కూడా పూర్తిగా చావలేదు. 2008లో కేంద్రం కాకినాడ-పుదుచ్చేరి కాలువలని, గోదావరిలో భద్రాచలం నుంచి రాజమండ్రి, కృష్ణలో వజీరాబాద్ నుంచి విజయవాడ భాగాలతో కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించింది. మొత్తం 1,078 కిలోమీటర్లు. బరువైన సరుకుకి నీటి దారి చవక అన్న మాటనే ఇప్పుడు కొత్త రిపోర్టుల్లో రాస్తున్నారు.

నాప్‌శాక్ దగ్గరికొద్దాం. కంపెనీల కాలమ్‌లో విలువ అంటే 5 శాతం. డల్హౌసీ కాలమ్‌లో సైన్యం, పత్తి. కాటన్ కాలమ్‌లో పొలానికి నీళ్ళు, చవక రవాణా, కరువులో ప్రాణాలు. మూడో తరగతి డబ్బా ఎక్కిన మనిషి కాలమ్‌లో అమ్మగారి ఊరు. కర్నూలు రైతు కాలమ్‌లో తన జొన్న చేను, నెత్తిన పడే నీటి తీరువా. చివరి ఇద్దరినీ అటువాళ్ళూ సరిగ్గా అడగలేదు, ఇటువాళ్ళూ అడగలేదు.

మనలో కొందరు రేపు ఇలాంటి లెక్కలు చేసే ఆఫీసుల్లోనో, వాటికి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీల్లోనో చేరతారు. ట్రాఫిక్ మోడల్ రన్ చేసి ముందు ఏ కారిడార్, తర్వాత ఏ కారిడార్ అని ర్యాంకులు ఇస్తారు. అల్గారిథమ్ మనం బాగానే రాస్తాం. కానీ సబ్‌మిట్ కొట్టే ముందు ఆ విలువల కాలమ్ ఎవరు నింపారో, ఎవరిని అడగలేదో ఒకసారి చూద్దాం. ఈసారి ట్యాంక్‌బండ్ వైపు వెళ్తే కాటన్ విగ్రహం దగ్గర ఆగండి. ఆనకట్ట గురించి మీకు ముందే తెలుసు, రైలు గొడవ గురించి పక్కవాళ్ళకి చెప్పండి.